అలుకును చూడని విమర్శ: ‘ఝాన్ డీల్మన్’ దినచర్య, ముఖ్యార్థం, ప్రతీక

ఇల్లలకగానే పండగ కాదని తెలుగు సామెత. పండగ మరెక్కడో ఉన్నదనీ, అలకడం దానికి సన్నాహం మాత్రమేననీ ఆ సామెతలోని భావన. కళాత్మక చలనచిత్రాలలో పాత్రల దినచర్యను వ్యాఖ్యానించే విమర్శలో అధికభాగం ఈ సామెతను తెలియకుండానే సిద్ధాంతంగా స్వీకరించింది. ఒక స్త్రీ బంగాళాదుంపల తొక్క తీస్తూ ఉంటే, అది పండగ కాదు కనుక పండగ దాని వెనుక ఎక్కడో దాగి ఉండాలని విమర్శకుడు వెదకడం మొదలుపెడతాడు. దుంప ఆత్మ అవుతుంది, తొక్క సమాజం అవుతుంది, కత్తి విధి అవుతుంది. సమీకరణాలన్నీ పూర్తయ్యేసరికి ఆమె వంటింట్లో ఎంతసేపు నిలబడిందో, పొయ్యి మీద ఇంకా ఏమున్నదో, ఆ దుంపలు ఎవరి భోజనానికో చెప్పగలిగినవారు మిగలరు.

కారణం చెప్పకుండా చూపిన నిత్యకృత్యం కంటబడగానే దానిని ప్రతీకగా మార్చివేసే ఈ అలవాటును కేవలం అత్యుత్సాహమని సరిపెట్టుకోవడానికి వీలులేదు. ఇది పఠనపద్ధతికి సంబంధించిన దోషం. అలంకారశాస్త్రాన్ని అధ్యయనం చేసి బోధించే తెలుగు శాఖలలో సినిమా పరిశోధన పెరుగుతున్న ఈ కాలంలో, ఆ దోషం అక్కడ కూడా నిస్సంకోచంగా ప్రవేశించడం మరింత ఆశ్చర్యకరం. దానిని పట్టుకోగల పరికరాలు ఆ శాఖల పాఠ్యప్రణాళికలోనే ఉన్నాయి. ముఖ్యార్థబాధ లేనిదే లక్షణ ప్రవర్తించదని పరీక్షలో రాయించే చోటనే, ఏ బాధా లేని బంగాళాదుంపకు లాక్షణికార్థం కట్టబెట్టే సిద్ధాంతవ్యాసాలు ఆమోదం పొందుతున్నాయి.

చిరునామాయే శీర్షిక

బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్మాన్ పాతికేళ్లు నిండకముందే చిత్రీకరించిన ‘ఝాన్ డీల్మన్, 23, కే ద్యు కొమెర్స్, 1080 బ్రసెల్’ (1975) ఈ వివాదానికి తగిన రంగస్థలం. 201 నిమిషాల ఈ చిత్రం ఒక వితంతువు జీవితంలోని మూడు రోజులను చూపుతుంది. ఝాన్‌గా నటించినది దెల్ఫీన్ సెరిగ్. ఛాయాగ్రాహకురాలు బాబెత్ మాంగోల్త్. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పత్రిక పదేళ్లకొకసారి విమర్శకుల చేత జరిపించే ఎన్నికలో 2022లో ఇది ప్రథమస్థానం పొందడంతో, అంతకుముందు దీనిని చూడనివారు కూడా దీనిపై వ్యాఖ్యానించవలసిన అగత్యం ఏర్పడింది.

ఝాన్ తెల్లవారకముందే లేస్తుంది. కొడుకు సిల్వేన్ బూట్లకు పాలిష్ పెడుతుంది, కాఫీగింజలు మరపడుతుంది, అతడిని బడికి పంపి గిన్నెలు కడుగుతుంది, పక్క సర్దుతుంది, అంగళ్లకు వెళుతుంది, పొరుగింటి పసిబిడ్డను కాసేపు చూసుకుంటుంది. ఒక గదిలోనుంచి మరొక గదిలోకి వెళ్లిన ప్రతిసారీ వెనుకగది దీపం ఆర్పి ముందుగది దీపం వేస్తుంది. మధ్యాహ్నం దుంపలు పొయ్యి మీద పెట్టిన తరువాత తలుపు గంట మోగుతుంది. రోజుకొక పురుషుడు వస్తాడు. పడకగది తలుపు మూసుకుంటుంది, నడవాలో వెలుతురు తగ్గుతుంది, తలుపు తెరుచుకుంటుంది. అతడిచ్చిన డబ్బును ఆమె భోజనాల బల్ల మీది మూతగల సూపుగిన్నెలో వేస్తుంది. ఆ తరువాత కిటికీ తెరుస్తుంది, పక్కమీది తువాలు తీస్తుంది, స్నానం చేస్తుంది, స్నానపుతొట్టిని తోముతుంది. దుంపలు ఉడికి సిద్ధంగా ఉంటాయి. కొడుకు వస్తాడు. తల్లీకొడుకులు సూపు తాగుతారు, మాంసమూ దుంపలూ తింటారు. కెనడాలో ఉన్న చెల్లెలు ఫెర్నాండ్ రాసిన ఉత్తరాన్ని ఆమె ఉచ్చారణలో ఎత్తుపల్లాలు లేకుండా చదువుతుంది.

ఇందులో ఏ ఒక్క చర్యకూ కారణం చెప్పబడలేదు. స్వగతం లేదు, నేపథ్యసంగీతం లేదు, ముఖానికి దగ్గరగా వెళ్లే చిత్రణ లేదు. కెమెరా ఎదురుగా, కాస్త తక్కువ ఎత్తులో, కదలకుండా నిలబడుతుంది. కాబట్టి వ్యాఖ్యాతలకు తలుపులన్నీ తెరిచినట్లు అనిపించింది. దీపాలు ఆర్పడం స్మృతినిరోధానికి సంకేతమన్నారు, సూపుగిన్నె గర్భాశయమన్నారు, స్నానం పాపప్రక్షాళనమన్నారు, దుంప అస్తిత్వశూన్యతకు రూపమన్నారు.

ఇటువంటి వ్యాఖ్యానాలు చేసేవారు చిత్రశీర్షికను ఒకసారి నిదానంగా చదివితే బాగుండేది. అది పేరు, ఇంటి నంబరు, వీధి, తపాలా సంఖ్య, నగరం. అది ఉత్తరం మీద రాసే చిరునామా. చెల్లెలి ఉత్తరం ఆ చిరునామాకే వచ్చి ఉండాలి; మధ్యాహ్నం వచ్చే పురుషులకూ ఆ చిరునామాయే తెలిసి ఉండాలి. ‘ఒక స్త్రీ’ అనో, ‘నిత్యత్వం’ అనో పేరు పెట్టి ఉంటే సామాన్యీకరణకు ద్వారం తెరిచినట్లయ్యేది. అకెర్మాన్ అందుకు విరుద్ధంగా, ఈ ఇల్లు తప్ప మరే ఇల్లూ కాదని గుమ్మం మీద రాసింది. ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చినవారు మొదట చేసిన పని ఆ రాతను చెరిపివేయడం.

బాధ లేని లక్షణ

మమ్మటుడు లక్షణకు చెప్పిన హేతువులు మూడు: ముఖ్యార్థం బాధితం కావాలి, లక్ష్యార్థానికి దానితో సంబంధం ఉండాలి, రూఢియో ప్రయోజనమో ఉండాలి. గంగలో గొల్లపల్లె ఉన్నదన్నప్పుడు ప్రవాహంలో పల్లె నిలవదు కాబట్టి తీరం అనే అర్థం తోస్తుంది. పల్లెలోని చల్లదనం, పావనత్వం ప్రయోజనాలుగా వ్యంజితమవుతాయి. గంగ ఒడ్డున పల్లె ఉన్నదని నేరుగా చెప్పినచోట లక్షణకు పని లేదు. ఝాన్ దుంపలు ఉడకబెట్టే దృశ్యంలో ఏది బాధితమైంది? ఆమెకు కొడుకున్నాడు, రాత్రి భోజనం ఉన్నది, బెల్జియంలో దుంపలు తింటారు. వాక్యార్థం సంపూర్ణం. అక్కడ ప్రతీకను ప్రవేశపెట్టడం గంగ ఒడ్డున ఉన్న పల్లెను లాక్కొచ్చి ప్రవాహంలో పడవేసి, ఆ తరువాత దానిని ఉద్ధరించడానికి లక్షణను పిలవడం వంటిది.

విషయం అంతటితో ఆగదు. లక్షణ లేదన్నంతమాత్రాన వ్యంగ్యం లేదని కాదు. ఇక్కడే ఆనందవర్ధనుడు చేసిన విభజన అత్యంత ఉపయుక్తమైనది. ధ్వని రెండు విధాలు. వాచ్యం వివక్షితం కానిది మొదటిది. అందులోనూ వాచ్యం పూర్తిగా తిరస్కృతమయ్యే భేదం ఒకటి. వాచ్యం వివక్షితమై ఉంటూనే మరొకదానికి దారితీసేది రెండవది, అంటే వివక్షితాన్యపరవాచ్యం. ప్రతీకాన్వేషకులు ఝాన్ దినచర్యను అత్యంతతిరస్కృతవాచ్యంగా లెక్కగట్టారు. దుంప దుంప కాదు, దీపం దీపం కాదు. వాస్తవానికి అది వివక్షితాన్యపరవాచ్యం. దుంప దుంపగానే ఉండాలి. ఉడకడానికి దానికి పట్టే సమయం ఉడకడానికి పట్టే సమయంగానే ఉండాలి. అలా ఉంటేనే అది అన్యపరం కాగలదు.

ఈ భేదం ఎందుకు ముఖ్యమో రెండవ రోజు తెలుస్తుంది. రెండవ పురుషుడు వెళ్లిన తరువాత ఝాన్ జుట్టు చెదిరి ఉంటుంది. డబ్బు వేసిన సూపుగిన్నెకు మూత పెట్టడం మరిచిపోతుంది. దుంపలు మితిమీరి ఉడికిపోతాయి. ఆ గిన్నెను చేత్తో పట్టుకుని, ఎక్కడ పెట్టాలో తోచనట్లు ఇంట్లో తిరుగుతుంది. బయటికి వెళ్లి మళ్లీ దుంపలు తెచ్చి, కూర్చుని, మళ్లీ తొక్క తీస్తుంది. భోజనం ఆలస్యమవుతుంది. జరిగినదింతే. కానీ మొదటి రోజును ముఖ్యార్థంలో చదివిన ప్రేక్షకుడికి ఇది పిడుగుపాటు. దుంపలు ఉడికే వ్యవధిలోనే పురుషుడు రావడం, పోవడం పూర్తి కావాలన్నది మొదటి రోజే స్థాపితమైన కొలత. ఆ తలుపు వెనుక ఈ రోజు కొలత దాటినది ఏదో జరిగిందన్న సంగతిని చెప్పినది పాత్ర కాదు, కెమెరా కాదు; అడుగంటిన దుంపలు చెప్పాయి. ఆ గదిలో ఏమి జరిగిందో చిత్రం చూపలేదు, చూపవలసిన అవసరమూ లేదు.

మొదటి రోజునే దుంపను శూన్యతకు ప్రతీకగా తేల్చివేసిన వ్యాఖ్యాతకు రెండవ రోజు చెప్పడానికి ఏమీ మిగలదు. శూన్యత మాడితే మాత్రం ఏమవుతుంది? ప్రతీకకు ఉడికే సమయం ఉండదు. దానికి కావలసినది దుంప అనే భావమే; పొయ్యి మీద అది ఎంతసేపున్నదన్న లెక్క దానికి అక్కరలేదు. చిత్రమంతా ఆ లెక్క మీదనే నిలబడి ఉన్నందువల్ల, ప్రతీకాత్మకపఠనం చిత్రానికి అదనపు లోతు చేర్చడం కాక, ఉన్న లోతును పూడ్చివేస్తున్నది.

వాచ్యవ్యంగ్యాల మధ్య క్రమం గోచరించే ధ్వనిని పూర్వులు గంట మోగిన తరువాతి అనురణనంతో పోల్చారు. గంట మోగాలి, ఆ తరువాతనే అనురణనం. అకెర్మాన్ మొదటి రోజంతా గంట మోగించింది. రెండవ, మూడవ రోజులు ఆ అనురణనం. మూడవ రోజు ఝాన్ పాలిష్ బ్రష్ జారవిడుస్తుంది. తపాలా కార్యాలయానికి వెళితే ఇంకా తెరవలేదు. కాఫీ రుచి కుదరక పారబోసి మళ్లీ కాచినా కుదరదు. రోజూ కూర్చునే కాఫీహోటల్ బల్ల దగ్గర మరొక స్త్రీ కూర్చుని ఉంటుంది. నిద్ర ముందుగా లేచినందువల్ల ఆమె దినచర్యలో ఎవరికీ కేటాయించని ఒక గంట మిగిలిపోయింది. ఆమె కుర్చీలో ఊరికే కూర్చుంటుంది. అంతకుముందు రెండు రోజులూ ఆమె ఊరికే కూర్చోవడం చూడని ప్రేక్షకుడికి ఆ కూర్చోవడమే భయం కలిగిస్తుంది. భయానకానికి ఇంత స్వల్పమైన విభావం ప్రపంచసినిమాలో అరుదు.

శబ్దం కోసం పుట్టిన శాస్త్రాన్ని చిత్రానికి అన్వయించడం న్యాయమా అన్న ఆక్షేపణ వినిపించవచ్చు. దానికి సమాధానం ధ్వన్యాలోకంలోనే ఉన్నది. అభిధాశక్తి లేని గీతధ్వనులకూ, చేష్టలకూ కూడా వ్యంజకత్వం ఉన్నదని తృతీయోద్యోతంలో ఆనందవర్ధనుడు అంగీకరించాడు; వ్యంజన అభిధకు లోబడినది కాదని నిరూపించడానికి ఆ అంగీకారమే అతడికి ఆధారమైంది. చలనచిత్రంలో సంకేతితార్థం లేదన్నది నిజమే. అక్కడ వాచ్యస్థానంలో ఉండేది కనిపించే చేష్ట. ఆ చేష్టను చేష్టగా గ్రహించనివాడికి వ్యంగ్యం లభించే మార్గం లేదు.

చెప్పనిదానిని ప్రేక్షకుడు పూరించుకోవాలి కదా అని మరొక వాదం. పూరణకూ హద్దు ఉన్నది. ఎవరైనా ‘తలుపు!’ అని అరిచినప్పుడు ‘మూయి’ అని అధ్యాహారం చేసుకుంటారు. ఆకాంక్ష తీరడానికి ఎంత అవసరమో అంతే. ‘తలుపు’ అన్న మాటకు ‘నాగరికతకు మూసుకుపోయిన భవిష్యత్తు’ అని పూరించినవాడు తలుపు మూయలేదు. గదిలోకి ఈదురుగాలి వస్తూనే ఉన్నది.

రోగనిర్ణయం

ప్రతీకావాదం కన్నా మర్యాదగా కనిపించే మరొక పఠనం మనోవిశ్లేషణకు చెందినది. ఝాన్ ప్రవర్తన ఒక మానసికవ్యాధి లక్షణమనీ, గిన్నెలు అదే క్రమంలో కడగడం, దీపాలు ఆర్పడం, పక్క దుప్పటి ముడతలు సరిచేయడం ఆ వ్యాధికి నిదర్శనాలనీ ఈ పఠనం చెబుతుంది. ఇది వినడానికి వాస్తవికంగా ఉన్నా, లోపల ఒక అవమానం దాగి ఉన్నది. ఒక్కతే సంపాదనాపరురాలైన స్త్రీ వాడని గదిలో దీపం ఆర్పితే అది విద్యుత్తు బిల్లుకు సంబంధించిన విషయం. ఇంట్లో ఒకే పడకగది ఉండి, కొడుకు పగలు సోఫాగా మడిచిపెట్టే మంచం మీద పడుకుంటూ ఉంటే, ఆ మంచాన్ని ప్రతి ఉదయం మడవకపోతే మధ్యాహ్నం వచ్చినవాడు దాని పక్కనుంచే నడవవలసి వస్తుంది. స్నానపుతొట్టిని ఎందుకు తోముతుందో విడమరచి చెప్పనక్కరలేదు. ఆ పనులను రోగంగా నిర్ణయించే వైద్యుడు తన ఇంట్లో అవి ఎవరు చేస్తున్నారో గమనించినవాడు కాడు.

కారణం లోపల ఉన్నదని వెదికే ఈ తొందర సెరిగ్‌కు కూడా కలిగింది. చిత్రీకరణకాలంలో సామీ ఫ్రే తీసిన దృశ్యాలతో తరువాత రూపొందిన డాక్యుమెంటరీలో ఆమె దర్శకురాలిని పదే పదే నిలదీస్తుంది. ఈ క్షణంలో ఝాన్ ఏమి ఆలోచిస్తున్నది, ఎందుకిలా చేస్తున్నది అన్నవి ఆమె ప్రశ్నలు. అకెర్మాన్ నుంచి వచ్చేవి ఎక్కువగా భంగిమకు, వేగానికి, క్రమానికి సంబంధించిన సూచనలు. ఆ ఇద్దరి మధ్య జరిగిన ఆ ఘర్షణ చిత్రానికి మేలే చేసింది. తన చిన్ననాట తల్లిని, పినతల్లులను చూసి గుర్తుంచుకున్న కదలికలే ఇందులో ఉన్నాయని అకెర్మాన్ చెప్పింది. రోజూ పక్కలు సర్దే స్త్రీనే తెరమీద చూపితే ఎవరికీ కనిపించదనీ, సెరిగ్ వంటి నటి చేసినప్పుడే ఆ పని కనిపిస్తుందనీ ఆమె వివరణ. చిత్రాల శ్రేణిలో ముద్దు, కారు ప్రమాదం పైమెట్టులోనూ, గిన్నెలు కడగడం అట్టడుగునా ఉన్నాయన్నది ఆమె ఫిర్యాదు. ఆ శ్రేణిని ఈ చిత్రం తిరగవేసింది. మొదటి రెండు రోజుల పడకగది దృశ్యాలు ఒక్క కోతతో దాటిపోగా, మాంసపు ముక్కలకు పిండి అద్ది, గుడ్డుసొనలో ముంచి, రొట్టెపొడి పట్టించడం మొదటినుంచి చివరిదాకా సాగుతుంది. చిత్రమంతా వాస్తవకాలంలో నడుస్తుందని తరచుగా రాసేవారు దీనిని గమనించాలి. మూడు రోజులు 201 నిమిషాలలో పట్టవు. ఏది పూర్తిగా ఉంచారు, ఏది కోశారు అన్నదే ఇక్కడి వాదం.

పాల్ ష్రేడర్ 1972లో ప్రతిపాదించిన అలౌకికశైలి సిద్ధాంతాన్ని కూడా ఇక్కడ ప్రస్తావించాలి. దైనందినత, వైషమ్యం, నిశ్చలత అనే మూడు దశలను అతడు ఓజు, బ్రెసోన్, డ్రేయర్ చిత్రాలలో గుర్తించాడు. ఆ మూడు దశల చట్రాన్ని ఈ చిత్రం మీద మోపడం సులభం: మొదటి రోజు దైనందినత, రెండవది వైషమ్యం, చివరి దృశ్యం నిశ్చలత. అమరినట్లే ఉంటుంది. అయితే ష్రేడర్ దృష్టిలో దైనందినత బద్దలు కావలసిన పెంకు. లోపలినుంచి అలౌకికం వెలువడాలి. ఝాన్ ఇంట్లో పెంకు పగిలితే వెలువడేది మాడిన వాసన.

ఇక అర్థమే లేదు, అనుభూతి మాత్రమే ఉన్నది, కాలాన్ని అనుభవించండి చాలునని బోధించేవారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వారిది ప్రతీకావాదానికి అలసిపోయిన రూపం. విసుగు కలిగించడమే ఈ చిత్రం ఉద్దేశమన్నవారు దానిని సగంలో వదిలి బయటికి వెళ్లినవారితో ఏకీభవిస్తున్నారు.

తూరిన్ గుర్రం దగ్గర

ఈ వాదానికి అసలైన పరీక్ష బేలా టార్ చిత్రం ‘తూరిన్ గుర్రం’ (2011). ఇక్కడ ప్రతీకావాదుల పక్షం బలంగా ఉన్నదని ఒప్పుకోవాలి. 1889 జనవరి 3న తూరిన్ నగరంలో నీషే ఒక బండిగుర్రం మెడను కౌగిలించుకున్న కథనంతో చిత్రం ఆరంభమవుతుంది. ఆ గుర్రం సంగతి మాత్రం తెలియదంటూ కథనం ముగుస్తుంది. తరువాత ఆరు రోజులు. బయట ఆగని పెనుగాలి. గుర్రం కదలదు, మేత ముట్టదు, బావి ఎండిపోతుంది, చివరకు దీపం వెలగదు. ఆరు రోజుల సృష్టి వెనుకకు తిరుగుతున్నదన్న ఊహను చిత్రమే అందిస్తున్నది. సహరచయిత లాస్లో క్రస్నహోర్కై, 2025లో నోబెల్ సాహిత్య పురస్కారం అందుకున్నవాడు, ప్రళయచింతనకు ప్రసిద్ధుడు కూడా.

అయినప్పటికీ ముప్ఫై దీర్ఘదృశ్యాల ఈ చిత్రంలో సింహభాగం తండ్రీకూతుళ్ల దినచర్యే. తండ్రి కుడిచేయి పనిచేయదు. ఎందుకన్నది చెప్పలేదు. కానీ కూతురు ప్రతి ఉదయం అతడికి ఎందుకు బట్టలు తొడుగుతున్నదో ఆ చేయి చెబుతుంది. ఆమె బావికి వెళ్లి నీళ్లు తెస్తుంది, తలా ఒక దుంప ఉడకబెడుతుంది. ఒంటిచేత్తో తండ్రి పొగలుకక్కే దుంపను చిదిమి, తొక్క ఊడబెరికి, ఊదుకుంటూ ఆత్రంగా తిని సగం వదిలేస్తాడు. మొదటి రోజు కెమెరా అతడిని చూస్తుంది. రెండవ రోజు అదే భోజనంలో కూతురిని చూస్తుంది: ఆమె నెమ్మదిగా, దుంప చల్లారే వ్యవధి ఇచ్చి తింటుంది. ఒకే దుంప, ఒకే బల్ల, ఇద్దరు మనుషులు. ఇందులో ఎంత దాంపత్యేతర గృహచరిత్ర ఉన్నదో, ఎవరు ఎవరికోసం ఎంతకాలంగా వేచి ఉన్నారో చెప్పడానికి సృష్టిక్రమం అక్కరలేదు. తన చిత్రాలలో ప్రతీకలూ రూపకాలూ లేవని టార్ పదే పదే చెప్పిన మాటను దర్శకుల సహజమైన ముసుగుగా కొట్టిపారేసేవారున్నారు. ఆ మాటను నమ్మవలసిన పని లేదు. దుంపలను చూస్తే చాలు. చివరి రోజు నిప్పు లేక దుంప పచ్చిగా ఉన్నది. తినాలని తండ్రి అంటాడు. అయిదు రోజుల ఉడికిన దుంపలను కళ్లారా చూసినవాడికి ఆ పచ్చిదుంపను కొరికిన చప్పుడు ప్రళయం. చూడనివాడికి అది ప్రళయానికి ప్రతీక మాత్రమే.

ఎవరికి అర్థం కాని పని?

‘వివరణ లేని దినచర్య’ అన్న మాటనే ప్రశ్నించవలసి ఉన్నది. ఎవరికి వివరణ లేదు? వితోరియో దె సికా ‘ఉంబెర్తో డి.’ (1952)లో గర్భవతి అయిన పనిపిల్ల మరియా ఉదయాన్నే లేచి పొయ్యి వెలిగించి, కాఫీ మరపట్టి, కాలు చాచి తలుపు మూసే దృశ్యాన్ని ఆంద్రే బాజాన్ ఎంతో మెచ్చుకున్నాడు. అందులో ఏ సంఘటనా జరగదన్నది ఆ దృశ్యం గురించి స్థిరపడిన ప్రశంస. గర్భంతో పరాయి ఇంట్లో చాకిరి చేసిన స్త్రీని అడిగితే అందులో సంఘటన లేదని అంటుందా అన్నది సందేహమే.

తెలుగులో ఈ ప్రశ్నకు దగ్గరి ఉదాహరణ బి. నర్సింగరావు ‘దాసి’ (1988). గడీలో దాసి కమలాక్షి చేసే ఊడిగాన్ని ఆ చిత్రం తొందరపడకుండా, వ్యాఖ్యానం లేకుండా చూపుతుంది. ఆ పాత్రకు అర్చనకు ఉత్తమనటిగా జాతీయ పురస్కారం లభించింది. ఆ ఊడిగాన్ని మానవ అస్తిత్వంలోని అర్థరాహిత్యానికి సంకేతంగా వ్యాఖ్యానిస్తే తెలంగాణలో వినేవారు నవ్వుతారు. ఆడబాప అంటే ఏమిటో, వెట్టి అంటే ఏమిటో అక్కడ తెలుసు. తెలిసినచోట ప్రతీక పుట్టదు. అంటే బ్రసెల్ వంటింటికి అంటగట్టిన ప్రతీకలు ఆ వంటింటి లోతునుంచి వచ్చినవి కావు, దానిని చూస్తున్నవారి అపరిచయంనుంచి వచ్చినవి. దూరం ఎక్కువైనకొద్దీ తత్త్వం పెరుగుతుంది. తన తల్లి వంటింటిని చూసి తత్త్వం రాయనివాడు ఝాన్ వంటింటిని చూసి రాస్తున్నాడంటే, అక్కడ పని చేస్తున్నది ప్రయాణికుడి కుతూహలమే.

ఈ విషయంలో తెలుగు సాహిత్యం తెలుగు సినీవిమర్శ కన్నా చాలా ముందున్నది. విమల ‘వంటిల్లు’ కవితలో వంటిల్లు వంటిల్లే. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మరిచిపోతుంది. ఆ అలకడాన్ని ప్రతీకగా మార్చి చూడండి: మరపుకు కారణం పోతుంది, కథ పోతుంది. పేరు మరిచిపోవడమనే అసంభవం అక్కడ ముఖ్యార్థబాధ. ఆ బాధకు ముందు అలుకుడు నిజమైన అలుకుడు కావాలి. స్త్రీవాద విమర్శ మూడు దశాబ్దాలకు పైగా చెబుతూ వచ్చిన ఈ మాట కథావిమర్శలో అంగీకృతమై, తెర మీదికి రాగానే విస్మృతం కావడానికి హేతువు కనిపించదు. పరాయిభాషా చిత్రం అనగానే అది గహనమై ఉండాలన్న భక్తి ఒక్కటే ఇందుకు సమాధానం కావచ్చు.

కత్తెర

మూడవ రోజు ముగింపు మీద జరిగిన వ్యాఖ్యానం ఈ చర్చకంతటికీ గీటురాయి. మూడవ పురుషుడితో ఝాన్ ఉన్న దృశ్యం ఈసారి తెర మీద కనిపిస్తుంది. లేచి, అద్దం ముందు దుస్తులు వేసుకుని, కత్తెర తీసుకుని అతడిని పొడుస్తుంది. ఎందుకో చిత్రం చెప్పదు. కత్తెర పురుషత్వాన్ని ఛేదించే ఆయుధానికి ప్రతీక అని ఒకరు, పితృస్వామ్యంతో తెగిన బొడ్డుతాడు అని మరొకరు చెప్పడం ఊహించదగినదే.

కత్తెర ఆ గదిలోకి ఎలా వచ్చింది? ఆ రోజు కెనడానుంచి చెల్లెలు పంపిన పొట్లం వచ్చింది. దాని తాడు కోయడానికి ఝాన్ కత్తెరను పడకగదిలోకి తెచ్చింది. లోపల ఒక రాత్రిగౌను ఉన్నది. దానిని చూస్తూ ఉండగా తలుపు గంట మోగింది. మొదటి రోజు ఝాన్ అయితే కత్తెరను దాని చోట పెట్టి, తాడును చుట్టి, కాగితాన్ని మడిచి, ఆ తరువాతనే తలుపు తీసి ఉండేది. తాను వాడిన ఏ వస్తువునూ వాడిన చోట వదిలిపెట్టని స్త్రీ ఆమె. ఈ రోజు గంట మోగేసరికి పని పూర్తి కాలేదు. కత్తెర ఉండకూడని చోట ఉండిపోయింది. మూత పెట్టని సూపుగిన్నె, ఊడిన బొత్తాం, తెరవని తపాలా కార్యాలయం, కుదరని కాఫీ, మిగిలిపోయిన గంట, వాటి వరుసలో చివరిది ఈ కత్తెర. దానిని ప్రతీకగా చదివినవారు దాని పదునును మాత్రమే చూశారు. అది సర్దకుండా ఉండిపోయిన వస్తువు అన్న సంగతి గమనించడానికి, మొదటి రోజు ఆమె ఏ వస్తువును ఎక్కడ పెట్టిందో చూసి ఉండాలి.

ఆ తరువాత ఆమె భోజనాల బల్ల దగ్గర చీకటిలో కూర్చుంటుంది. చేతి మీద, తెల్లని జాకెట్టు మీద రక్తం. వీధిలోని ఏదో దీపం అద్దాల బీరువా మీద ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. బల్ల మీద సూపుగిన్నె. ఎప్పుడూ గదిలోకి రాగానే దీపం వేసే స్త్రీ, ఈసారి వేయలేదు.